కుట్టు మిషన్ టైమింగ్ పోయిందట, బాగుచేయించాలా కొత్తది కొనాలా?

నీలిదారం:

మా ఇంట్లో కుట్టు మిషన్ కొంతకాలంగా మొరాయిస్తోంది. బాగుచేయించడమా, తీసేసి కొత్తది కొనడమా అన్నది తేలడం లేదు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

బల్లమీద పెట్టుకుని వాడే మోటారు మిషన్ ఇది, బాబిన్ (అడుగు దారం చుట్టే చిన్న రీలు) పైనుంచి వేసే రకం. జిగ్‌జాగ్, కాజాలు కూడా కుడుతుంది. తెర, బోర్డు లాంటివేమీ లేవు, ఏ కుట్టు కావాలంటే దానికి డయల్ తిప్పుకోవడమే. కొని పదేళ్ళు దాటింది. ఇప్పుడు మామూలు కుట్టు వేస్తే మధ్యమధ్యలో ఒకటీ అరా వదిలేస్తోంది, జిగ్‌జాగ్ పెడితే మాత్రం కుడివైపు కుట్టు పడుతుంది, ఎడమవైపు అసలు పడదు. అప్పుడప్పుడు గుడ్డ అడుగున దారం ఉండ కట్టేస్తోంది. వీటికి తోడు చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఒకేచోట టక్ మని చప్పుడు. మొదట్లో చిన్నగా ఉండేది, ఈమధ్య పక్క గదిలోకి కూడా వినిపిస్తోంది.

రిపేరు చేసేవాళ్ళకి చూపిస్తే మిషన్ విప్పకుండానే, టైమింగ్ పోయింది, లోపల గేర్ కూడా పోయి ఉండొచ్చు, దీనికి పెట్టే డబ్బుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది కదా అన్నారు. చెప్పిన ఖర్చు చిన్న మిషన్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. ఇంట్లోవాళ్ళదీ అదే మాట. నాకేమో ఈ మిషన్ అలవాటు, పైగా బయటకి చూస్తే బాగానే ఉంది. నేను కుట్టేది కూడా పెద్దగా ఏమీ లేదు, కర్టెన్లు, దిండు గలీబులు, పిల్లల బట్టలు, పొడవైన ప్యాంట్లు పొట్టి చేయడం, అంతే. అసలు టైమింగ్ పోవడం అంటే ఏంటి, అది పోతే మిషన్ పని అయిపోయినట్టేనా?

సూదిమొన:

కొత్తది ఎప్పుడైనా కొనొచ్చు, అది ఎక్కడికీ పోదు. ముందు జబ్బేంటో తేలనివ్వండి. మీరు చెప్పిన లక్షణాలు టైమింగ్‌కి సరిపోతున్న మాట నిజమే, కానీ సూది కాస్త వంగినా దాదాపు ఇవే కనిపిస్తాయి. అందుకే విప్పకుండా ఇచ్చిన తీర్పుని నేనైతే నమ్మను.

సూది మార్చండి. మార్చాను అనకండి, ఇంకోసారి మార్చండి, ప్యాకెట్ లోంచి తీసిన కొత్త సూది. ఇంటి మిషన్ సూది కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది, ప్యాకెట్ మీద 130/705 హెచ్ అని రాసి ఉంటుంది. గుండ్రటి కాడ ఉన్నవి ఫ్యాక్టరీ మిషన్ల సూదులు, అవి దీనికి పనికిరావు. బాబిన్ పైనుంచి వేసే మిషన్లలో మామూలుగా ఆ చదును భాగం వెనక్కి ఉండాలి, సూదిని పైకి ఆనేదాకా తోసి స్క్రూ బిగించాలి. ఒక్క మిల్లీమీటరు కిందికి జారినా కుట్టు వదిలేస్తుంది. మధ్యరకం కాటన్‌కి 90/14, పల్చటి గుడ్డకి 75/11, జీన్స్‌కి 100/16. సాగే గుడ్డ కుడుతుంటే మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వేయాల్సిందే, మామూలు సూదితో సాగే గుడ్డ మీద కుట్టు వదిలితే అది మిషన్ తప్పు కాదు.

గుడ్డ అడుగున దారం ఉండ కడితే అందరూ బాబిన్‌ని తిడతారు కానీ ఎక్కువసార్లు అది పైదారం గొడవ. గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం కిందికి దించి దారం ఎక్కిస్తే, పైదారాన్ని పట్టి ఉంచే టెన్షన్ పళ్ళేలు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు, దాంతో పైదారానికి పట్టే ఉండదు, అదంతా కిందికి పోయి గూడు కడుతుంది. పాదం పైకెత్తి ఎక్కించండి. తర్వాత పాదం దించి దారాన్ని చేత్తో లాగి చూడండి, గట్టిగా రావాలి.

ఇక చప్పుడు సంగతి. ప్లగ్ తీసేయండి. సూది, దారం, బాబిన్, బాబిన్ కేస్ అన్నీ తీసేసి చక్రాన్ని చేత్తో మీ వైపుకి నెమ్మదిగా తిప్పండి. చప్పుడు పోయిందంటే సూది ఎక్కడో కొట్టుకుంటోందని అర్థం. మీ రకం మిషన్లలో బాబిన్ కేస్ ప్లాస్టిక్‌ది, సూది గీసిన గాట్లు ఉంటే వేలికి తెలుస్తాయి, ఆ గాట్లలో దారం తగులుకుని కూడా కుట్టు పాడవుతుంది. అది మారిస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు. అన్నీ తీసేశాక కూడా చప్పుడు వస్తోందంటే దోషం లోపలే. అప్పుడు ఇంకో పని చేయండి, ప్లగ్ పెట్టి బాబిన్‌కి దారం చుట్టే పద్ధతిలో పెట్టండి. అందులో సూది ఆగిపోయి మోటారు, బెల్టు, చక్రం మాత్రమే తిరుగుతాయి. అప్పుడూ టక్ మంటే బెల్టు వైపు చూడాలి, లేకపోతే షాఫ్టు (లోపల తిరిగే ఇనుప కడ్డీ) నుంచి కింద దారాన్ని పట్టుకునే కొక్కెం దాకా ఎక్కడో ఉంది.

తొందరపని:

ఇన్ని పరీక్షలు చేసే ఓపిక అందరికీ ఉండదండీ. నేను నేరుగా చెప్తాను, కొత్తది కొనుక్కోండి.

ఎందుకంటే రిపేరుకి సగం డబ్బు పెట్టాక కూడా అది పదేళ్ళ మిషనే. ఈరోజు గేర్ మార్పిస్తారు, తర్వాత పెడల్ పోతుంది, ఆ తర్వాత ఇంకోటి. మధ్యలో మిషన్ రిపేరు షాపులో కూర్చుని ఉంటుంది, మీ కర్టెన్ సగంలో ఉంటుంది. కొత్తదానికి వారంటీ ఉంటుంది, కాజా ఒకే దెబ్బలో కుట్టేస్తుంది, సూదికి దారం ఎక్కించే చిన్న మీట కూడా ఉంటుంది, కళ్ళు కాస్త మందగించినవాళ్ళకి అదొక్కటే చాలు కొనడానికి. పాతదే బంగారం అనే మాట వింటే నాకు చిరాకు. చాలామంది ఆ మాట నమ్మి పని చేయని మిషన్‌ని మూలన పెట్టుకుని, కుట్టడమే మానేస్తారు.

పాతఇనుము:

ఆ బంగారం మాట అనేవాళ్ళలో నేనూ ఒకణ్ణే, అయినా మీరు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఇంటి దగ్గర సరదాగా మిషన్లు విప్పి బాగుచేస్తుంటాను, తెలిసినంతవరకు చెప్తాను. కాస్త పెద్దదవుతుంది.

టైమింగ్ అంటే సూదికి, కింద తిరిగే కొక్కేనికి మధ్య ఉండే లెక్క. సూది అట్టడుగుకి దిగి తిరిగి పైకి లేవడం మొదలెట్టగానే, గుడ్డ పట్టుకుని ఉండటం వల్ల దారం వెంటనే పైకి రాలేక సూది వెనక చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సూది 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు లేచేసరికి కొక్కెం మొన సరిగ్గా సూది కన్నుకి కొంచెం పైన ఉండాలి, సూదికి దాదాపు రాసుకున్నట్టు వెళ్ళి ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పాలి. కుట్టు పడటం అంటే ఇదే. ఏ మిషన్‌కి ఎంత అన్నది మాన్యువల్లో కొంచెం అటూ ఇటూ ఉంటుంది కానీ సూత్రం ఒకటే. మొన ముందే వస్తే ఉచ్చు ఇంకా ఏర్పడి ఉండదు, ఆలస్యంగా వస్తే సూది కన్ను అప్పటికే పైకి పోయి ఉంటుంది, ఎలాగైనా కుట్టు తప్పుతుంది.

ఇప్పుడు మీ ఎడమ కుట్టు గురించి. జిగ్‌జాగ్‌లో సూది పక్కకి ఊగుతుంది, కొక్కెం దారి మాత్రం మారదు. అంటే కొక్కెం సూదిని చేరే క్షణం ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. తయారుచేసినవాళ్ళు రెంటికీ సరిపడేలా మధ్యస్తంగా పెడతారు. టైమింగ్ కాస్త జరిగినా మధ్యలో కుట్టు పడుతూనే ఉంటుంది, ఒక కొస మాత్రం వదిలేస్తుంది. మీరు చెప్పింది అచ్చం ఇదే, కాబట్టి రిపేరు చేసేవాళ్ళు విప్పకుండా చెప్పినా గాలిలో రాయి వేయలేదనే అనుకుంటున్నాను. అయితే టైమింగ్ పోవడం మిషన్ పోవడం కాదు. స్క్రూలు వదులు చేసి, కొక్కెం సరైన చోటికి జరిపి బిగించే పని అది.

అసలు ప్రశ్న అది ఎందుకు జరిగింది అన్నది. మందపు మడత మీద సూది విరిగి గట్టి దెబ్బ తగిలితే స్క్రూ జారి టైమింగ్ కదులుతుంది, మళ్ళీ సరిచేస్తే అయిపోతుంది. కానీ మీకు చుట్టుకోసారి టక్ మంటోంది. అది నాకు పగిలిన గేర్ మాటలా వినిపిస్తోంది. ఇలాంటి మిషన్లలో కింది షాఫ్టు నుంచి కొక్కేనికి తిప్పుడు అందించే గేర్లు చాలావాటిలో నైలాన్‌వి. చప్పుడు తక్కువ, నూనె పెద్దగా అడగవు, అందుకే పెడతారు. పాతవన్నీ ఇనుము, కొత్తవన్నీ ప్లాస్టిక్ అనుకుంటారు కానీ 1970ల నాటి మిషన్లలోనే నైలాన్ గేర్లు బోలెడు. వాటి జబ్బు ఏంటంటే వాడకపోయినా వయసుతో పెళుసెక్కి, షాఫ్టు ఉన్న కన్నం నుంచి అంచుకి బీటలు తీస్తాయి. బీట దగ్గర పళ్ళ మధ్య సందు పెరుగుతుంది, ఆ సందు జత గేర్‌తో కలిసిన ప్రతిసారీ టక్. గేర్ షాఫ్టు మీద కొద్దిగా జారుతుంది కూడా, దాంతో టైమింగ్ పోతుంది. గేర్ మార్చకుండా టైమింగ్ ఒక్కటే సరిచేయించుకుంటే డబ్బు దండగ, కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వస్తుంది.

ప్లగ్ తీసి, మిషన్‌ని వెనక్కి పడుకోబెట్టి, అడుగు మూత స్క్రూలు విప్పి టార్చ్ వేసి చూడండి. కొక్కెం కింద తెల్లగానో పాలిపోయిన పసుపుగానో గేర్లు కనిపిస్తాయి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ టక్ మన్న చోట ఆపి చూస్తే బీట ఉంటే దొరుకుతుంది. చూడ్డానికే సుమా, ఏ స్క్రూనీ వదులు చేయకండి ఇంకా.

ఎలాగూ విప్పారు కాబట్టి బ్రష్‌తో దూది అంతా తీసేయండి. పళ్ళ కింద, అదే గుడ్డని వెనక్కి లాగే పళ్ళు, వాటి కింద దూది అట్టలా గట్టిపడి ఉంటుంది, పళ్ళు పైకి లేవనివ్వదు. నోటితో ఊదకండి, తేమ వెళ్తుంది. పాత నూనె ఎండిపోయి వార్నిష్‌లా పట్టేసి ఉంటే గుడ్డకి కొంచెం కిరోసిన్ అద్ది ఇనుము భాగాల మీద మాత్రమే తుడవండి. మోటారు, బెల్టు, ప్లాస్టిక్, పెయింట్ జోలికి పోనివ్వొద్దు, పూర్తిగా ఆరాక మిషన్ నూనె మాన్యువల్ చెప్పిన చోట ఒక్కో చుక్క. వంటనూనె, కొబ్బరినూనె పోస్తారు కొందరు, అవి గాలి తగిలి జిగురెక్కి మొత్తం బిగుసుకుపోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా నూనెకి బదులు కాదు, తడి ఆరిపోయాక నూనెలా పని చేసేది లోపల పెద్దగా మిగలదు.

నీలిదారం:

చాలా థాంక్స్ అందరికీ. ముందు సూది, దారం సంగతి చూశాను. పాదం ఎత్తి ఎక్కించాక అడుగున ఉండ కట్టడం తగ్గింది, ఎడమ జిగ్‌జాగ్ మాత్రం అలాగే ఉంది. అన్నీ తీసేసి తిప్పినా టక్ మంటూనే ఉంది, బాబిన్ చుట్టేటప్పుడు రాలేదు. అడుగు మూత తీసి చూస్తే పాతఇనుము గారు అన్నట్టే రెండు తెల్ల గేర్లు, అందులో అడ్డంగా ఉన్న షాఫ్టు మీది పెద్దదానికి కన్నం నుంచి పళ్ళ దాకా వెంట్రుకంత బీట. టార్చ్ పక్కనుంచి వేస్తేనే కనపడింది.

కాబట్టి ఇప్పుడు గేర్ మార్చాలి. ఇంతకీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది కదా, దీనిమీద పెట్టడం తెలివైన పనేనా?

తొందరపని:

చెప్పాను కదా. అయినా దోషం ఎక్కడుందో తేలింది కాబట్టి ఒక మెట్టు దిగుతాను. గేర్ దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి, దొరక్కపోతే మాత్రం ఇంకోసారి ఆలోచించొద్దు.

కాజాగుండీ:

నేను కుట్టి అమ్ముతుంటాను, మిషన్ ఆగితే నాకు పని ఆగిపోతుంది, అందుకే నా లెక్క వేరు. నాలాంటివాళ్ళకి రిపేరా కొత్తదా అన్న ప్రశ్నే తప్పు, రెండూ కావాలి, ఒకటి షాపుకి వెళ్తే ఇంకోటి నడవాలి. మీకు అలాంటి ఇబ్బంది లేదు, నెమ్మదిగా బాగుచేయించుకోవచ్చు.

తొందరపని గారి మాటకి ఒక సవరణ. మరీ తక్కువ ధరలో కొత్తది కొంటే మీకు వచ్చేది బహుశా ఇవే నైలాన్ గేర్లు, ఇంతకంటే చిన్న మోటారు. పని మొదటి నెలలో బాగానే చేస్తుంది. జీన్స్ అంచు మడతలు నాలుగు కలిసిన చోట పెట్టినప్పుడు తెలుస్తుంది దాని సత్తా. కాబట్టి పోల్చాల్సింది రిపేరు ఖర్చుని అన్నిటికంటే చవక కొత్తదాని ధరతో కాదు, ఇప్పుడున్నదానికి సమానమైన కొత్తదాని ధరతో. అలా చూస్తే మీ సగం కాస్తా ఇంకా తగ్గుతుంది.

నేనైతే మిషన్ వదిలేసే సందర్భాలు కొన్నే. కంప్యూటర్ మిషన్‌లో బోర్డు పోయి, ఆ మోడల్ బోర్డులు తయారుచేయడం ఆపేసి ఉంటే వదిలేయడమే. బాడీకే పగులు వచ్చినా, కింద పడి షాఫ్టు వంగినా అంతే. పెడల్ వేడెక్కడం, కాలు తీసినా మిషన్ దానంతటదే తిరగడం, కాలిన వాసన, ఇవి మిషన్ పారేయడానికి కారణాలు కావు కానీ ఆ క్షణమే ప్లగ్ పీకేయడానికి కారణాలు. చాలా పాత పెడల్స్‌లో కెపాసిటర్ పగిలి పొగ రావడం మామూలే. పెడల్ విడిగా మార్చుకోవచ్చు, దాన్ని అతుకులేసి వాడొద్దు. మోటారులో బొగ్గు బ్రష్షులు అరిగి మెరుపులు వస్తుంటే ఆ బ్రష్షులే మార్చొచ్చు, మోటారు మొత్తం అక్కర్లేదు.

ఇంకో దారి కూడా ఉంది, సెకండ్ హ్యాండ్‌లో ఇనుప బాడీ మిషన్. నేరుగా కుట్టే పని ఎక్కువుంటే దాన్ని మించింది లేదు. సింగర్ 15 రకాన్ని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో లెక్కలేనన్ని కంపెనీలు అదే కొలతలతో తయారుచేశాయి, అందుకే బాబిన్, బాబిన్ కేస్, చిన్న స్ప్రింగులు ఇప్పటికీ ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. కానీ జిగ్‌జాగ్ ఉండదు. టీషర్టు గుడ్డ లాంటిది దానిమీద మామూలుగా కుడితే తల దూర్చేటప్పుడు కుట్టు పటపట తెగుతుంది. పిల్లల బట్టలు కుడతానన్నారు కాబట్టి చెప్తున్నా. కొనేటప్పుడు మీ గుడ్డ, మీ దారం మీరే తీసుకెళ్ళండి, అమ్మేవాళ్ళు చూపించే గట్టి గుడ్డ మీద ఏ మిషనైనా అందంగానే కుడుతుంది.

నీలిదారం:

పోల్చాల్సింది దేనితో అన్న మాట బాగుంది, నేను అన్నిటికంటే చవకదాని ధరే మనసులో పెట్టుకుని లెక్కలు వేస్తున్నాను. గేర్ గురించి అడిగితే విడిగా దొరుకుతుందన్నారు, కానీ అదే కంపెనీ మిషన్లకి రెండు మూడు రకాలు ఉన్నాయట, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ఏది తీసుకోవాలి? ఒక్క పెద్దదే తీసుకోవాలా, రెండూనా? ఇంకోటి, గేర్ నేనే వేసుకోగలనా?

పాతఇనుము:

కంపెనీ పేరు చెప్పి కొనకండి. మిషన్ వెనకో అడుగునో అంటించిన ప్లేటు మీద మోడల్ నంబరు ఉంటుంది, అది చెప్పి దానికి సరిపోయే పార్ట్ నంబరుతో తీసుకోండి. వచ్చాక పళ్ళ సంఖ్య, కన్నం వ్యాసం, పళ్ళు ఏ వైపుకి వాలి ఉన్నాయి అన్నవి పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. వాలు తేడా వస్తే ఎంత నెట్టినా కలవదు. రెండు గేర్లూ తీసుకోండి. వాటి వయసు ఒకటే, ఒకటి బీట తీసిందంటే రెండోది కూడా పెళుసెక్కే ఉంటుంది, పైగా ఎక్కువ శ్రమ విప్పడంలోనే ఉంది, గేర్ ధరలో కాదు.

మీరే వేసుకోగలరా అంటే, స్క్రూ డ్రైవరు పట్టుకోవడం అలవాటుంటే పెద్ద గేర్ దాకా వేసుకోగలరు. కొక్కెం కింది చిన్న గేర్ కోసం కొక్కెం ఊడదీయాలి, కొన్ని మోడళ్ళలో అది చాలా విసిగిస్తుంది. అక్కడ ఆగిపోతే సిగ్గుపడక్కర్లేదు, గేర్లు చేతికిచ్చి బిగించి టైమింగ్ పెట్టమని అడగండి, వస్తువు మీదే కాబట్టి ఖర్చు కూడా మొదట చెప్పినంత కాకపోవచ్చు. ఒప్పుకోని చోట పట్టుబట్టకండి, వేరేచోట అడగండి.

మీరే చేస్తుంటే విప్పేముందు అన్ని కోణాల నుంచీ ఫొటోలు తీసుకోండి, గేర్ షాఫ్టు మీద ఎక్కడ ఉందో సన్న మార్కరుతో గీత పెట్టండి. గేర్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూలకి ఆరు పలకల అలెన్ కీ సరిగ్గా సరిపోయేదే వాడండి, వదులుగా ఉన్నది తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, తర్వాత దాన్ని తీయడం నరకం. కొత్త గేర్ ఎక్కించాక పళ్ళకి తెల్ల గ్రీజు కొద్దిగా రాయండి, నైలాన్‌కి పడుతుందని డబ్బా మీద ఉన్నదే. పళ్ళు మరీ బిగుతుగా కలవకూడదు, చేత్తో కదిపితే వెంట్రుకంత ఆట ఉండాలి.

టైమింగ్ పెట్టేటప్పుడు కొత్త సూది వేసి, డయల్‌ని జిగ్‌జాగ్‌లో అన్నిటికంటే వెడల్పుకి పెట్టండి. ఎడమ కొసన ఒకసారి, కుడి కొసన ఒకసారి కొక్కెం మొన సూది కన్నుకి పైనే వస్తోందా చూసి, రెండుచోట్లా వచ్చేదాకా జరిపి అప్పుడు బిగించండి. మధ్యలో ఒక్కచోట చూసి బిగిస్తే మళ్ళీ అదే ఎడమ కుట్టు వదిలేస్తుంది. బిగించాక వెంటనే మోటారు పెట్టకండి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండు పొరల కాటన్ మీద కొన్ని కుట్లు వేసి చూడండి. ఎక్కడైనా సూది తగిలినట్టు అనిపిస్తే అక్కడే ఆపేసి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.